వలచినవారి విమర్శ



కాకతీయ ప్రతాపరుద్రుడు ఓరుగల్లు కోటనుండి రాజ్యమేలిన కాలమున, అనగా 1289కిని 1323కిని నడుమ, ఆ రాజు ఆస్థానమునందు విద్యానాథుడను పండితుడు ప్రతాపరుద్రీయమను అలంకారశాస్త్రమును సంస్కృతమున రచించెను. తొమ్మిది ప్రకరణములుగల ఆ గ్రంథమున లక్షణములకు చూపిన ఉదాహరణములు ఆ రాజును కీర్తించు శ్లోకములే యగుటచేత, దానిని రాజప్రశస్తిగా మాత్రమే యెంచి ప్రక్కకు నెట్టువారు కొందఱు కలరు. వారితో నేను ఏకీభవింపను. కావ్యము ఎందులకను ప్రశ్న వచ్చినచోట విద్యానాథుడు, తనకు పూర్వము 11వ శతాబ్దమున కాశ్మీరదేశీయుడగు మమ్మటుడు నడచిన త్రోవనే నడచి, మనుష్యునకు హితముచెప్పు వాక్కు మూడు తెఱగులని నిరూపించినాడు. వేదము ప్రభువువలె శాసించును. పురాణము మిత్రునివలె నచ్చజెప్పును. కావ్యము కాంతవలె మనస్సును సరసము గావించి, చేయవలసిన పనియందు వినువానికి తనంత తానే కుతూహలము పుట్టునట్లు చేయును. దీనినే కాంతాసమ్మితమని పెద్దలు వ్యవహరించిరి.

కావ్యమును పొగడబోయి ఆ పండితులు దాంపత్యమును గూర్చియు ఒక సంగతిని ఒప్పుకొన్నవారైరి. రాజాజ్ఞ మార్పలేని మనిషిని, స్నేహితుడు మార్పలేని మనిషిని, వలచినవారి మాట మార్పగలదని వారు సందేహము లేకుండ నమ్మినారు. అంతటి శక్తి ఆ మాటకే యున్నప్పుడు, లోకమున మనము మిక్కిలి తక్కువగా సహింపగలిగినదియు ఆ మాటయే యగుటకు కారణమేమి? శత్రువు నిందించినచో అది ద్వేషమని త్రోసివేయవచ్చును. పై యధికారి మందలించినచో ఉద్యోగధర్మమని ఓర్చుకొనవచ్చును. దారినపోవువాడు తప్పుపట్టినచో వానికి మన సంగతి తెలియదని ఊరకుండవచ్చును. మనము నిద్రలేచిన ముఖమును, జ్వరమునాటి మూలుగును, నెలాఖరునాటి పిఱికితనమును, తల్లిదండ్రుల యెదుట మారిపోవు మన కంఠస్వరమును కన్నులార చూచిన మనిషి ‘నీయందు ఈ లోపమున్నది’ అనునప్పుడు తప్పించుకొనుటకు త్రోవ లేదు. ఆ మాట నిజమేమోయను భయము ఒకటి. లోపము కనబడినపిమ్మట వలపు నిలుచునా యను భయము దానికంటె లోతైనది. మాటాడినవారు కూరలోని ఉప్పును గూర్చి మాటాడినను, విన్నవారి చెవికి వలపు తఱిగినదను వార్తగా వినబడుచుండును. దంపతుల కలహములలో పెక్కింటికి మూలము ఇక్కడనే యున్నదని నా విశ్వాసము.

విద్యానాథుని కాలమున కాంత చెప్పును, పురుషుడు వినును. పురుషుడు చెప్పునప్పుడు అతని వాక్కు ఎట్లుండవలెనో ఆ శాస్త్రము అడుగలేదు. మన యిండ్లలో భర్త భార్యను దిద్దునప్పుడు వాడునది నేటికిని ప్రభుసమ్మితమే: ‘చెప్పినట్లు చేయుము’ అను శాసనము, కారణము చెప్పనక్కరలేని ధోరణి. కాంతాసమ్మితమనునది స్త్రీకి మాత్రమే విధింపబడిన గుణము కాదు. వలచినవారెవ్వరైనను, ఎదుటివారి మనస్సును ముందుగా సరసము గావించి, పిమ్మట హితము చెప్పుటయే దాని స్వరూపము. హనుమకొండలోనో కరీమాబాదులోనో కాపురముచేయు యువకుడు ఈ సంగతిని తనకు వర్తింపజేసికొన్ననాడు ఓరుగల్లు పండితుని మాట సంపూర్ణమగును.

ఇక విమర్శ కోపముగా పరిణమించినపిమ్మట ఏమి చేయవలెనను విషయమున మన పూర్వులు చాల శ్రమపడినారు. 10వ శతాబ్దమున మాళవరాజగు ముంజుని ఆస్థానమున ధనంజయుడు దశరూపకమును రచించుచు, నాయిక అలుకను తీర్చుటకు నాయకునకు ఆఱు ఉపాయములు చెప్పినాడు. ప్రియవచనములాడుట సామము. ఆమె సఖులను తనవైపు త్రిప్పుకొనుట భేదము. ఏదో నెపమున భూషణాదుల నిచ్చుట దానము. పాదములపై వ్రాలుట నతి. ఇవి పనిచేయనప్పుడు పట్టించుకొనక మిన్నకుండుట ఉపేక్ష. భయమో సంతోషమో హఠాత్తుగా కల్పించి మనస్సును మఱల్చుట రసాంతరము. వేయేండ్లు గడచినను ఈ ఆఱింటిలో ఒక్కటియు మన వీధులను విడిచిపోలేదు. బావమఱదికి ఫోను చేసి ‘మీ అక్కకు మీరైనా చెప్పుండ్రి’ అనువాడు భేదమును ప్రయోగించుచున్నాడు. వరంగల్ చౌరస్తాలో చీరకొని సంచి చేతబట్టుకొని ఇల్లుచేరువాడు దానమును నమ్మినవాడు. మూడుదినములు మాటాడక, ఫోను ఎత్తక, తలుపు వేసికొని కూర్చుండువారు ఉపేక్షాపరులు. ఆఱింటిలో నేను మిక్కిలి భయపడునది దీనికే, ఏలయనగా ఎదుటివారి మాటకు విలువ లేదని చెప్పుటకు మౌనమును మించిన సాధనము లేదు.

నతికి మన తెలుగుకావ్యములలో పరమోదాహరణము నంది తిమ్మన పారిజాతాపహరణమున కలదు. నారదుడు తెచ్చిన పారిజాతపుష్పమును కృష్ణుడు రుక్మిణికిచ్చెనని అలిగిన సత్యభామ, పాదములపై వ్రాలిన భర్తను కాలితో త్రోసినప్పుడు, ఆమె పాదము నొచ్చెనేమోయని విచారించిన ఆ కృష్ణుని ఎఱుగని తెలుగువాడు లేడు. ఆ వినయమును అందఱును మెచ్చుదురు, నేనును మెచ్చుదును. కాని సత్య అడిగినది వినయమును కాదు. సవతికిచ్చిన గౌరవము తనకు లేదా యను ప్రశ్నను ఆమె అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము దొరకినది కృష్ణుడు స్వర్గమునకు పోయి ఆ వృక్షమునే తెచ్చి ఆమె పెరట నాటిననాడు.

ధనంజయుని ఆఱు ఉపాయములను నేను ఎన్నిమార్లు తలచుకొన్నను నాకు తట్టునది ఇదియే. ఆ ఆఱును కోపమును పోగొట్టుటకు చెప్పబడినవి. ఆమె చెప్పిన మాట నిజమా కాదా యని విచారించుటకు వానిలో ఒక్కటియు పనికిరాదు. నాయిక ఏమన్నదో ఒక్క అక్షరమును వినకుండనే ఆ ఆఱింటిని ప్రయోగింపవచ్చును. నేటి భర్తలును, భార్యలును ఈ లోపమునే వారసత్వముగా పొందినారు. అలుక తీరినచో చాలునని తలచి, మాటను గాలికి వదలుదురు. ఆ మాటయే నెలదినములకు మఱింత పదునెక్కి తిరిగివచ్చును.

చెప్పువారికిని ఒక విధి కలదు. కాజీపేటలో రైలెక్కి హైదరాబాదునకు పోయి, అక్కడ ఉద్యోగముచేసి వారాంతమున ఇల్లుచేరు యువకుని ఊహింపుడు. జీతములో కొంత భార్యకు చెప్పకుండ తమ్మునికి పంపినాడు. అది తెలిసి ఆమె, ‘తమ్మునికి పైసలు పంపినవ్, నాకొక్క మాట చెప్పలే, నాకు బాధైంది’ అన్నచో, అది జరిగిన పనిని గూర్చిన ఆక్షేపణ. ‘నువ్వెప్పుడు గింతే, నీకు ఇల్లు పట్టది, మీ వాళ్లందరు గంతే’ అన్నచో, అది మనిషిని గూర్చిన తీర్పు. మొదటిదానికి జవాబు కలదు: ‘చెప్పకపోవుడు తప్పే, వాని ఫీజు కట్టే ఆఖరుదినం, ఇంకోసారి అడిగి పంపుత’ అనవచ్చును. రెండవదానికి ఏమి జవాబు చెప్పగలడు? ‘మీ అమ్మగారింట్ల ఏం తక్కువ?’ అనుట తప్ప వానికి గతి లేదు. అట్లే భర్త ‘ఇయ్యాల కూరల ఉప్పెక్కువైంది’ అనుటకును, ‘మీ అమ్మ నీకు వంట గూడ నేర్పలే’ అనుటకును నడుమ ఎంత దూరమున్నదో విన్నవారికే తెలియును.

కాలమును గూర్చియు ఒక మాట. కొత్తవాడలో జంపఖానాలు నేయువారిని చూచినవారికి తెలియును: పోగు తప్పినదని ఆ వరుసలోనే చెప్పినచో సరిచేయుట క్షణములపని; మూరెడు నేసినపిమ్మట చెప్పినచో నేసినదంతయు విప్పవలసియుండును. మాటాడవలసిననాడు మాటాడక, ఒక్కొక్క తప్పును దాచి, అన్నిటిని గుదిగ్రుచ్చి ఒకనాటి రాత్రి ముందుంచువారు నిజమునే చెప్పుచుండవచ్చును, కాని వినువానికి ఆ నిజములలో దేనికి ముందు జవాబీయవలెనో తోచదు.

అమెరికాదేశమున సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున జాన్ గాట్‌మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు దంపతులను ఎదురెదురుగా కూర్చుండబెట్టి, వారికి పొసగని విషయమునే మాటాడుకొమ్మని చెప్పి, ఆ సంభాషణములను చిత్రీకరించి, తదనంతరము ఆ కాపురములు ఎట్లు సాగినవో సంవత్సరములతరబడి గమనించినాడు. పనిని గూర్చిన ఆక్షేపణను, మనిషిని గూర్చిన నిందను అతడును వేఱుచేసినాడు. నింద, తిరస్కారము, తన్ను తాను సమర్థించుకొనుట, బదులుపలుకక గోడవలె నిలుచుట, ఈ నాలుగును కాపురమును కూల్చునని చెప్పి, వానిలో తిరస్కారము మిక్కిలి ప్రమాదకరమన్నాడు. నిలుకడగల దంపతులలో కలహము నడుమ సైతము ఒక్క కటువైన మాటకు దాదాపు 5 ఆదరపు మాటలో చేష్టలో ఉండునని అతని పరిశీలనము. మనస్సును ముందు సరసము గావింపవలెనన్న మన ఆలంకారికుల మాటకు ఈ లెక్క దగ్గఱి చుట్టమని నాకు తోచుచున్నది.

తిరస్కారమును గూర్చి చెప్పునప్పుడు మెత్తగా చెప్పుట తగదు. ఎగతాళి, పేర్లుపెట్టి పిలుచుట, నలుగురిలో చిన్నబుచ్చుట, సంతానము లేదనియో మగబిడ్డ లేడనియో దెప్పుట, ఇవి విమర్శలు కావు. గృహహింసనుండి స్త్రీలకు రక్షణ కల్పించు 2005నాటి చట్టము వీనిని హింసగానే పేర్కొన్నది. ఇట్టివాటిని ఓర్పుతో వినుమని నేను ఏ సోదరికిని చెప్పను. 181 అను సంఖ్యకు ఫోను చేసి సహాయము కోరుమని చెప్పుదును. ఈ ప్రసంగమునందలి తక్కిన మాటలన్నియు, ఒకరికొకరు భయపడనక్కరలేని యిండ్లకు చెందినవి.

గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన ‘దిద్దుబాటు’ కథలో భర్త సానుల మేజువాణీలు మరగి రాత్రి ప్రొద్దుపోయి ఇల్లుచేరును. భార్య కమలిని యెదుట నిలిచి తిట్టలేదు. ఇల్లు విడిచిపోవుచున్నానని ఉత్తరము వ్రాసిపెట్టి, మంచముక్రింద దాగినది. అది చమత్కారముగా కనబడును గాని, అందులో నన్ను ఆకర్షించునది ఆమె అక్కడనే యుండుట. తన మాట ఎక్కడ తగిలినదో, భర్త కోపించెనో కుమిలెనో, అది వినువఱకు ఆమె ఆ గదిని విడువలేదు. విమర్శించువారు మాట విసరి ప్రక్కగదిలోనికి పోవుట మనము నిత్యము చూచుచున్నాము. ‘చెప్పవలసినది చెప్పితిని’ అని చేతులు దులుపుకొనువారికి చెప్పుటలో సగము పనియే జరిగినదని తెలియదు.

ఆలుమగల కలహము అద్దముమీద పెసరగింజ నిలిచినంతసేపని మనవారు చెప్పుదురు. అది నిజమే, మూడవచేయి ఆ గింజను పట్టుకొననంతవఱకు. ఆక్షేపణ అత్తగారి యెదుట పలికినచో, లేక చరవాణిలో బంధువుల బృందమునకు పంపినచో, అది ఇద్దఱి మాటగా నిలువదు. పరువు దానిలో చేరును, పరువు చేరినచోట తప్పును ఒప్పుకొనుట కష్టము.

ఇక, ఈ విషయమున నేను గురువుగా భావించునది మన బమ్మెర పోతనామాత్యుని భాగవతము. పెండ్లి కావలసిన కన్యలచేత రుక్మిణీకల్యాణమును పారాయణము చేయించు ఆచారము మన యిండ్లలో నేటికిని కలదు. మంచి భర్త దొరకునని ఆశ. దొరకినపిమ్మట చదువవలసిన ఘట్టము ఒకటి అదే దశమస్కంధపు ఉత్తరభాగమున నున్నది. దానిని ఎవ్వరును ఎవ్వరిచేతను చదివింపరు.

ద్వారకలో ఒకనాడు కృష్ణుడు శయ్యపై కూర్చుండగా రుక్మిణి చెలికత్తె చేతిలోని వింజామరను తానే పుచ్చుకొని వీచుచుండెను. అప్పుడాయన నవ్వుచు మాటాడసాగెను. శిశుపాలాదులగు రాజులు నిన్ను కోరిరి. నీ వారు నిన్ను వారికిచ్చుటకు సిద్ధపడిరి. వారిని కాదని మాబోటివారిని ఏల వరించితివి? మేము రాజులకు వెఱచి సముద్రమున తలదాచుకొన్నవారము. ధనము లేనివారము, ధనము లేనివారికే కావలసినవారము. సమానులకు తప్ప పెండ్లి పొసగదు. ఇప్పటికైనను తగినవానిని చూచికొనుము. మాకు భార్యాపుత్రులయందు ఆసక్తి లేదు. ఇది ఆ మాటల సారము. తనను విడుచునేమోయను భయము అంతకుముందెన్నడు ఎఱుగని ఆ యిల్లాలి కంటినీరు కాటుకతో కలిసి జాఱినది, కంఠము పెగలలేదు, కంకణములు సడలినవి, వింజామర చేతినుండి పడినది, గాలికి కూలిన అరటివలె ఆమె నేలవ్రాలెను.

ఇక్కడ నేను కృష్ణుని సమర్థింపబోను. హాస్యమని ఆయన తలచినది ఆమెకు ప్రాణాంతకమైనది. హాస్యమాడినవారి ఉద్దేశమును బట్టి గాయము తగ్గదు. కవియు దీనిని దాచలేదు. అటుపిమ్మట ఆయన ఏమిచేసెనో గమనింపుడు. ముందుగా శయ్య దిగెను. ఆమెను లేవనెత్తెను. చెదరిన జుట్టును సవరించెను. కన్నీటిని తుడిచెను. ఇవన్నియు జరిగినపిమ్మట, నీ ప్రణయకోపమును చూడగోరి, నీ మాట వినగోరి పరిహసించితినని చెప్పెను. ‘హాస్యమునకే యింత యేడ్తువా’ యని కూర్చున్నచోటనుండియే పలికియున్నచో ఆ కథ వేఱుగా నుండెడిది.

రుక్మిణి పిమ్మట మాటాడినది, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క జవాబు. సమానులము కామంటివి, నిజమే, సమానురాలను కానిదానను నేను. ధనము లేదంటివి, నీకంటె వేఱైన వస్తువే లేనప్పుడు నీకు ధనమేమిటి? ఇట్లు వరుసగా ఆయన యెత్తిన లోపములనెల్ల స్వీకరించి, వాని లోపలి అర్థమును విప్పి చూపెను. తెలివితప్పి కూలిన స్త్రీ ప్రతి వాక్యమును వరుసతప్పక జ్ఞాపకముంచుకొన్నదన్నచో, ఆమె ఎంత శ్రద్ధగా విన్నదో ఊహింపవచ్చును. ధనంజయుడు చెప్పని ఏడవ ఉపాయము ఇదియే యని నేననుకొందును. మన జవాబులు ఆమె జవాబులవలె స్తోత్రములు కానక్కరలేదు. పెక్కుమార్లు ‘అవును, ఆ మాట నిజమే’ యనుటయే జవాబు. కొన్నిమార్లు ‘అందులో ఇంతవఱకు నిజము, ఇక్కడ నీవు పొరబడితివి’ అనుట జవాబు. చెప్పినదానికే చెప్పుట ముఖ్యము. ఏనాటిదో తప్పును వెదకితెచ్చి ఎదురొడ్డుట జవాబు కానేరదు.

ఆ సంవాదము చివర వ్యాసుని మూలమున ఒక మాట కలదు; దానిని తలచినప్పుడెల్ల నా మనస్సు ఆగిపోవును. పెండ్లినాడు వెంబడించి వచ్చిన రుక్మిణి అన్న రుక్మిని కృష్ణుడు ఓడించి, జుట్టును మీసములను గొఱిగి విరూపుని గావించినాడు. అది తగని పనియని బలరాముడే తమ్ముని మందలించెను. రుక్మిణి మాత్రము ఆ సంగతిని భర్తయెదుట ఎన్నడును ఎత్తలేదు. ఇప్పుడు కృష్ణుడే దానిని ఎత్తి, నీ అన్నకు జరిగిన దానివలన కలిగిన దుఃఖమును, మాకు దూరమగుదువేమోయని వెఱచి, పైకి చెప్పక మ్రింగితివి, దానిచేత మమ్ము జయించితివి అని చెప్పెను. ఆమె మౌనమును ఆదర్శముగా నిలుపుమని నేను చెప్పజాలను. వెఱపుచేత కలిగిన మౌనమును ఏ భార్యనుండియు మనము కోరదగదు. కాని చెప్పబడని విమర్శను, తప్పుచేసిన తానే, ఎవ్వరు అడుగకుండ పైకి తెచ్చిన ఆ భర్తవద్ద మనము నేర్చుకొనవలసినది కలదు. బావమఱదిని పెండ్లిపందిట తూలనాడిన భర్తయు, అత్తగారి పల్లెయాసను చూచి చుట్టములలో నవ్విన భార్యయు, అది జరిగి పదేండ్లయినను ఆ సంగతిని తామే యెత్తి ‘ఆనాడు నేనట్లు చేయవలసినది కాదు’ అనవచ్చును. ఎదుటివారు మఱచియుందురని తలచుట పొరపాటు. రుక్మిణి మఱవలేదు, ఆమె మఱవలేదని కృష్ణునకు తెలియును.